పిప్పరమెంటు డబ్బాలో ఆరు ఎరలు

1968 సెప్టెంబరు 22, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు. బందరు.

మా పక్కింటి అన్నయ్యగారు మొన్న గురువారం తెల్లవారుతూనే పోయారు. వయసు డెబ్బై రెండు. ముందు రోజు సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని పని చేసుకున్నారు. శుక్రవారం నాలుగున్నరకు సమాధుల తోటలో మట్టి చేశాం. ప్రార్థన అయ్యాక సంఘ పెద్దగారు నాలుగు మాటలు చెప్పారు. “చాలా మంచి మనిషండీ. ఆ గాలాల విషయంలో ఒక్కసారి అజాగ్రత్త పడ్డారు. అదొక్కటి తప్ప ఆయన బతుకులో వేలెత్తి చూపేదేమీ లేదు” అని కళ్ళు తుడుచుకున్నారు. ప్రేమతోనే అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. నేను తల వంచుకున్నాను. నేనూ ఊపాననే అందరూ అనుకుని ఉంటారు.

ఆ మాట నిజం కాదు. అజాగ్రత్త ఆయనది కాదు, నాది. ఏడేళ్ళ రెండు నెలలుగా అది ఆయన పేరు మీద నడుస్తోంది.

రేపు ఉదయం బండికి ఆయన కూతురు గుడివాడ వెళ్ళిపోతోంది. వెళ్ళేముందు ఆ గాలాల పెట్టెను కాలవలో పారేస్తానని నిన్న నాతో అంది. “మా నాన్నకి చెడ్డపేరు తెచ్చింది ఇదొక్కటే గదండీ అత్తయ్యగారూ. దీన్ని నా ఇంటికి తీసుకెళ్ళను” అంది. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. నోటితో చెప్పడం నాకు చేతకావడం లేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. సంఘస్థులంతా చదవాలి. ముందుగా ఆ అమ్మాయి చదవాలి.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను. అన్నయ్యగారు దివిసీమలో ముప్ఫై ఏళ్ళు లాకు లస్కరుగా పనిచేశారు. కాలవ మీద పడవలు దాటడానికి లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. మంచినీళ్ళు ఉప్పునీళ్ళలో కలిసే చోట పండుగప్ప చేప తిరుగుతుంది. గుర్రపుడెక్క కింద కొరమీను దాక్కుంటుంది. పని లేని గంటల్లో ఆయన గాలం వేసేవారు. ఉద్యోగం అయిపోయాక భార్య పోయింది. కూతురికి పెళ్ళయింది. ఆయన బందరులో మా పక్క ఇంట్లో చేరారు. చేతిలో ఒక గుడ్డల సంచీ, నెత్తిన ఒక టేకు పెట్టె. ఆ పెట్టెలోనే ఆయన గాలాలు, దారాలు, ఎరలు అన్నీ ఉండేవి.

ఆ పెట్టె సర్దే తీరు చూడటానికి వీధిలో పిల్లలందరూ ఆయన అరుగు మీద చేరేవారు. గాలాలు ఉప్పునీళ్ళు తాకితే చాలు, మంచినీళ్ళలో కడిగి, ఆరబెట్టి, ఆముదం గుడ్డతో తుడిచి, పాత వలల బెండు ముక్కలకు వరసగా గుచ్చేవారు. పెద్దవి ఒక బెండుకు, చిన్నవి ఒక బెండుకు. పెట్టె మూసేముందు అరుగంతా అరచేత్తో నిమిరేవారు, ఎక్కడైనా ఒక గాలం జారిపడిందేమోనని. చీపురుతో ఊడ్చవచ్చు గదా అని అడిగాను ఒకసారి. “చీపురికి నొప్పి తెలియదు గదమ్మా. చేతికైతే తెలుస్తుంది” అన్నారు. పిల్లలను చెప్పులు విడిచి రమ్మనేవారు. వాళ్ళు వట్టికాళ్ళతో ఉంటే తన జాగ్రత్త తగ్గదని ఆయన లెక్క.

ఆ పెట్టెలో అన్నిటికన్నా విలువైనవి మెత్తని ప్లాస్టిక్ ఎరలు. ఆస్పత్రిలో పనిచేసిన అమెరికా డాక్టరుగారు స్వదేశం వెళ్ళిపోతూ ఆయనకు ఇచ్చిపోయినవి. వానపాము ఆకారంలో, జానెడు పొడవు కూడా లేనివి. కొన్ని ఎర్రవి, కొన్ని నల్లవి, కొన్ని ఊదావి. పట్టుకుంటే జున్నులా వేళ్ళకింద వణికేవి. సోంపు వాసన వేసేవి. బందరులో ఎవరూ అటువంటివి చూసి ఉండలేదు. వాటిని ఎలా దాచాలో చెప్పేవాళ్ళు కూడా లేరు. అన్నయ్యగారు చెడగొట్టుకుంటూ నేర్చుకున్నారు. ఎర్రదాన్నీ నల్లదాన్నీ ఒకచోట పెడితే నాలుగు రోజులకు ఎరుపంతా నలుపెక్కింది. ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో పెడితే ఆ పెట్టె అడుగు బెల్లంపాకంలా కరిగి ఎరలకు అంటుకుపోయింది. చుట్టి పెట్టిన ఎర ఆ వంపు వదల్లేదు, నీళ్ళలో గిరగిర తిరిగింది. చివరికి గాజు సీసాలు తెచ్చారు. రంగుకొక సీసా. ఎరలు ఒకదానికొకటి తగలకుండా నిలువుగా నించోపెట్టి, సీసాలు ఎండ తగలని మూలన ఉంచేవారు. సైకిలు ట్యూబు కోసి తాను తయారుచేసిన రబ్బరు ఎరలు వేరే. అవి అంటుకోకుండా సుద్దపొడి చల్లేవారు. ఆ సుద్దపొడి మా బడిలో నల్లబల్ల కింద పోగయ్యేది. శనివారం శనివారం పొట్లం కట్టి నేనే పంపేదాన్ని.

ఆయన ఒక మాట ఎప్పుడూ అనేవారు. “గాలం ఒక ఇంట్లో, ఎర ఒక ఇంట్లో. వాళ్ళిద్దరూ కలుసుకునేది నీళ్ళ దగ్గరే.” ఆ మాటను ఆయన ముచ్చటగా అనేవారు గనుక అది ముచ్చట కోసమే అనుకున్నాను.

ఒక క్రిస్మస్ సెలవుల్లో నాగాయలంక పక్క మా చుట్టాలింటికి వెళ్తూ ఆయన్నీ రమ్మన్నాం. కాలవ గట్టున గుర్రపుడెక్క మధ్యకు ఆయన గాలం విసురుతుంటే నేను ఎన్నిసార్లు విసిరారో లెక్కపెడుతూ కూర్చున్నాను.

“ముప్ఫై ఎనిమిది” అన్నాను.

“టీచరమ్మగారూ, మీరలా హాజరు పిలుస్తుంటే చేపలు బడి ఎగ్గొట్టి పారిపోతున్నాయండీ” అన్నారు.

ఆ రోజే నాకు ఒక పని నేర్పారు. గాలం నేరుగా వేస్తే నాచుకు చిక్కుకుంటుంది. అందుకని గాలాన్ని ఎర తలలోంచి దింపి, దాని మొనను ఎర ఒంట్లోకే తిరిగి దూర్చి దాచేయాలి. పైకి ఏమీ కనపడదు. వేలితో నిమిరినా తగలదు. గట్టిగా కొరికితేనే మొన బయటికి వస్తుంది. ఒకసారి చూసి నేనూ చేశాను. “మీ చెయ్యి శుభ్రమైన చెయ్యండీ” అని మెచ్చుకున్నారు. అది ఇక్కడ రాయక తప్పదు.

1961 జులైలో ఆయన కూతురికి పురుడు వచ్చింది. ఆయన గుడివాడ వెళ్తూ, వానలకు తన ఇల్లు కారుతోందని పెట్టెను మా ఇంట్లో పెట్టమన్నారు. “వారం రోజులండీ. అటక మీద పడేయండి చాలు” అన్నారు.

అటక మీద పడేయడం నాకు అలవాటు లేదు. అప్పటికి నేను మన బాలికల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌ని. బీరువాలో ప్రతి అరకూ చీటీ, ప్రతి చీటీకీ నంబరు. శనివారం మధ్యాహ్నం పెట్టె తెరిచాను. గాలాలు ఒకచోట, ఎరలు ఒకచోట, దారాలు మరోచోట. ఒక్క పనికి మూడు తావులా అనుకున్నాను. ముసలాయన కళ్ళు సరిగా ఆనని మనిషి, గట్టున కూర్చుని ఇవన్నీ వెతుక్కోవాలా అనుకున్నాను. సాయం చేస్తున్నానని నిజంగానే నమ్మాను. ఎర్ర ఎరలు ఆరు తీసి, ఆరింటికీ ఆయన నేర్పినట్టే గాలాలు ఎక్కించి, మొనలు లోపలికి దాచాను. గాజు సీసాలో పెడితే గాలాల బరువుకు వంగిపోతున్నాయని, ఇంట్లో ఖాళీగా ఉన్న పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బాలో కాగితం పరిచి చక్కగా పేర్చాను. డబ్బా పెట్టెలో పట్టలేదు. కిటికీ పక్క అలమరలో పెట్టాను. అది మా మనవరాలి చేతికి అందే అర.

మా అబ్బాయిది బదిలీల ఉద్యోగం గనుక మనవరాలు నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. అప్పుడు దానికి ఐదేళ్ళు. ఆ డబ్బాలో ఏముంటాయో దానికి తెలుసు. పుట్టినప్పటి నుంచి దానిలో పిప్పరమెంట్లే ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. పొద్దున్న తొమ్మిదింటికి అన్నయ్యగారు రైలు దిగి, మనవడు పుట్టాడని చెప్పడానికి నేరుగా మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ పెట్టె మూత ఎత్తారు.

“ఎర్రవేవండీ?”

నేను గర్వంగా చెప్పాను. “డబ్బాలో ఉన్నాయి. గాలాలు ఎక్కించి సిద్ధంగా పెట్టాను. ఇక మీరు వెతుక్కోనక్కర్లేదు.”

ఆయన కప్పు కింద పెట్టారు. “ఏ డబ్బా?”

అలమర వైపు చూశాను. అర ఖాళీ. సండే స్కూలుకు వెళ్తూ మనవరాలు, “నాయనమ్మా, అందరికీ పెట్టనా?” అని అడగడం, నేను జడ వేసుకుంటూ “ఊఁ, పెట్టు” అనడం అప్పుడు గుర్తొచ్చాయి. ఏమిటి అని కూడా అడగలేదు నేను.

“ఎన్ని?” అన్నారు ఆయన.

“ఆరు.”

ఆయన సైకిలు తీశారు. నేను చెప్పులు లేకుండా వెనక పరుగెత్తాను. మా ఇంటి నుంచి సండే స్కూలు జరిగే గుడికి మూడు వందల అడుగులుంటుంది. ఎరుపు రంగు, మెత్తగా ఉంటాయి, సోంపు వాసన. పిల్లలు కొరకకుండా ఉండరు. దారి పొడుగునా నాకు అదొక్కటే ఆలోచన.

నేను చేరేసరికి ఆయన గుమ్మంలో నిలబడి నెమ్మదిగా మాట్లాడుతున్నారు. పాఠం చెప్పే అమ్మాయి ముఖం తెల్లబోయి ఉంది. “ఎవరూ అరవొద్దండీ. అరిస్తే పిల్లలు గుటకేస్తారు” అన్నారు. తర్వాత పిల్లల వైపు తిరిగారు. “ఒరేయ్, నా పాములు పారిపోయి ఇక్కడికొచ్చాయట. ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు నోట్లో పెట్టుకోకుండా అరచేతిలో చూపించండి. ఎక్కువ పట్టుకున్నవాళ్ళకి నా సైకిలు గంట కొట్టనిస్తాను.”

చేతులు చాపారు. ఒకటి. రెండు. మూడోది ఒక పిల్ల బైబిలులో దాచుకుంది. నాలుగోదాన్ని ఎవరో కొరికి, రుచి బాగాలేదని ఉమ్మేశారు. దేవుడి దయ, మొన ఉన్న వైపు కొరకలేదు. ఐదోది మా మనవరాలి గౌను జేబులో ఉంది, నాకోసం దాచిందట.

“ఆరోది?” అన్నాను.

“బాబుకిచ్చాను” అంది మా మనవరాలు.

బాబు అంటే సంఘ పెద్దగారి మనవడు. మూడేళ్ళవాడు. బల్ల కింద కూర్చుని ఉన్నాడు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. పెదవి కొసన ఎర్రగా తోకముక్క కదులుతోంది.

అన్నయ్యగారు నేల మీద బోర్లా పడుకున్నారు. వాడి కళ్ళకు తన కళ్ళు సమానంగా వచ్చేదాకా జరిగారు. “ఏరా నాన్నా, నీ నోట్లో చేప ఉందటగా? నాకు చూపించవూ? నమలకు, దానికి చక్కిలిగిలి పుడుతుంది” అన్నారు. వాడు ఆయన్ని చూస్తూ నోరు కొంచెం తెరిచాడు. ఆయన చూపుడువేలు మెల్లగా బుగ్గలోకి పంపారు, నాలుకకూ ఎరకూ మధ్య. అదే క్షణంలో గుమ్మం దగ్గర వాడి తల్లి కేక పెట్టింది. వాడు ఉలిక్కిపడి పళ్ళు బిగించాడు.

ఆయన వేలు వెనక్కి తీయలేదు. ముందుకే తోశారు. వేలు బయటికి వచ్చినప్పుడు ఎర దానికే వేలాడుతోంది. గాలం మొన ఆయన వేలి కణుపులో కూరుకుపోయి ఉంది. పిల్లవాడి పెదవి లోపల చిన్న గీత, రెండు చుక్కల రక్తం. అంతే. వాడు ఏడ్చాడు.

గాలానికి వెనక్కి రాకుండా ముల్లు ఉంటుంది గనుక, ఆయన మొనను ఇంకా ముందుకు పొడిచి చర్మం అవతలికి తెచ్చి, పటకారుతో తుంపి తీసుకున్నారు. “ఇన్నేళ్ళకి వాటి బాధేమిటో నాకూ తెలిసింది” అని నవ్వబోయారు.

సంఘ పెద్దగారు వచ్చారు. “పిప్పరమెంటు డబ్బాలో గాలాలు పెట్టిందెవరు?” అన్నారు.

నేను నోరు తెరిచాను. ఇది నిజం, తెరిచాను. కాని మాట రావడానికి ఒక్క ఊపిరి ఆలస్యమైంది. ఆ ఊపిరిలో అన్నయ్యగారు, “నేనేనండీ. బుద్ధి లేక పెట్టాను” అన్నారు.

ఆ సాయంత్రం వేలికి గుడ్డ కట్టుకుని అరుగు మీద ఉంటే వెళ్ళి నిలబడ్డాను. ఎందుకలా చెప్పారన్నాను.

“రేపు మీరు రెండు వందల మంది పిల్లల ముందు నిలబడాలి గదా టీచరమ్మగారూ. వాళ్ళు మీ మాట వినాలి. నా మాట వినాల్సినవి చేపలే. అవి ఎప్పుడూ విన్నది లేదు.”

“నేను రేపు పెద్దగారితో చెబుతాను.”

“మీ ఇష్టమమ్మా” అన్నారు. వద్దని అనలేదు. చెప్పమని అనలేదు. ఈ సంగతి స్పష్టంగా రాస్తున్నాను, ఆయన వద్దన్నారు గనుక ఊరుకున్నానని ఎవరూ నన్ను వెనకేసుకురాకూడదు.

బుధవారం సంఘ కమిటీ కూర్చుంది. కార్యదర్శిని నేను. పిల్లలెవరూ ఆయన అరుగు మీదికి వెళ్ళరాదని తీర్మానం చేశారు. ఆయన చేతులు కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డారు. మినిట్సు పుస్తకంలో “ఆయన అజాగ్రత్త వలన” అని రాసింది నా చెయ్యి. మార్జిను తప్పలేదు, ఒక్క కొట్టివేత లేదు. నేను రాసిన పుస్తకాలన్నిటిలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

ఆ తర్వాత బడి తనిఖీ వచ్చింది, అది అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత పరీక్షలు. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారేమోనని భయం. వాయిదా వేసినకొద్దీ అది బరువెక్కింది. నేను పదవీ విరమణ చేసి కూడా రెండేళ్ళయింది. కాపాడుకోవడానికి బడి కూడా లేదు.

మా మనవరాలు ఆ అరుగు ఎక్కడం మానేసింది. ఎక్కితే నేనే గదమాయించాను. తీర్మానం రాసిన మనిషిని గదా. దానికి ఇప్పుడు పన్నెండేళ్ళు. తాను పంచిపెట్టడం వల్లే తాతయ్యగారికి చెడ్డపేరు వచ్చిందని దాని మనసులో ఉందని శుక్రవారం తోటలో దాని ఏడుపులోని మాటలు వింటే అర్థమైంది. పిల్లల నోళ్ళ దాకా వెళ్ళిన తప్పును ఒక పిల్ల గుండెలో ఏడేళ్ళు దాచి ఉంచాను.

ఆయన మాత్రం మారలేదు. నేను సుద్దపొడి పొట్లం పంపితే, “దండాలు టీచరమ్మగారూ” అని గోడ మీదుగా కేకేసేవారు. ఆ చూపుడువేలు పూర్తిగా ముడుచుకునేది కాదు. దానితోనే ముడులు వేసేవారు. పిల్లలు రావడం ఆగిపోయినా, రోజూ పెట్టె మూసేముందు అరుగంతా అరచేత్తో నిమిరేవారు. మా వంటింటి కిటికీలోంచి నాకు కనపడేది. ఒకనాడు ఉండబట్టలేక, “ఎవరొస్తారని అన్నయ్యగారూ?” అన్నాను.

“వస్తే?” అన్నారు.

ఇక మీదట జరగవలసినవి:

1. ఈ కాగితం ఇవాళే, దీపాలు పెట్టకముందే, ఆయన కూతురి చేతిలో పెట్టాలి. చదివేదాకా ఎదురుగా నిలబడాలి. పెట్టె కాలవలోకి వెళ్ళకూడదు. ఆ అమ్మాయి నన్ను ఏమన్నా పడాలి.

2. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక దీన్ని సంఘం ముందు నేనే చదవాలి. ఇంకొకరి చేత చదివించరాదు.

3. మినిట్సు పుస్తకంలో ఆ వాక్యం కొట్టివేసి, పక్కన నిజం రాసి, తేదీ వేసి, నా సంతకం పెట్టాలి. కొట్టివేసిన వాక్యం చదవడానికి వీలుగానే ఉండాలి.

4. సంఘ పెద్దగారి ఇంటికి వెళ్ళి, బాబును పిలిచి, వాడి పెదవి లోపలి గీత ఎవరి వల్ల వచ్చిందో, దాన్ని అంత చిన్నదిగా ఆపింది ఎవరో వాడికి చెప్పాలి.

5. పిల్లలు ఆ అరుగు ఎక్కరాదన్న తీర్మానం రద్దు చేయమని కమిటీని అడగాలి. ఆలస్యమైందని తెలుసు. అయినా అడగాలి.

6. అన్నిటికన్నా ముందు, ఈ కలం మూయగానే, మనవరాలిని పిలిచి కూర్చోబెట్టి చెప్పాలి. బుధవారం సాయంత్రం ఆయన కడిగి తీగ మీద వేలాడదీసిన గాలాలు ఇంకా అక్కడే ఉన్నాయి. పదకొండు. నాలుగు రోజులుగా ఎవరూ ముట్టుకోవడం లేదు. అది ఒప్పుకుంటే ఇద్దరం కలిసి వాటిని తీయాలి. గాలి వచ్చినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగులుతున్నాయి. చిన్న చప్పుడు. ఇక్కడికి వినపడుతోంది.